రోడ్డు మీద బతికేవాళ్ల దగ్గరికే వైద్యం: వీధి ఆరోగ్య బృందాన్ని ఎలా నడపాలి

ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి వెళ్లమని అందరం తేలిగ్గా చెప్పేస్తాం. ఇల్లు లేని మనిషికి ఆ మాట ఎంత కష్టమో ఒకసారి ఆలోచించండి. సామాను ఎవరికి అప్పగించి వెళ్లాలి? చీటీ రాసేవాళ్లు చిరునామా అడిగితే ఏం చెప్పాలి? అక్కడ లైన్లో ఆలస్యమైతే ఆ పూట తిండి పెట్టే చోటికి వేళకి చేరగలమా? అదే మనిషి ట్రాన్స్ మహిళో (పుట్టినప్పుడు మగపిల్లాడని రాసినా మహిళగా బతికే మనిషి), గే యువకుడో (మగవాళ్లనే ప్రేమించేవాడు) అయితే వీటికి ఇంకో భయం తోడవుతుంది. కౌంటర్‌లో పాత పేరు గట్టిగా పిలుస్తారేమో, వార్డులో అందరూ తిరిగి చూస్తారేమో, డాక్టర్ జ్వరం సంగతి వదిలేసి వేరే ప్రశ్నలు వేస్తారేమో అని. ఒక్కసారి అలా జరిగిందంటే మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. పుండు చీము పట్టేదాకా ఓర్చుకుంటారు.

అందుకే వైద్యమే నడిచి వాళ్ల దగ్గరికి వెళ్లాలి. 1970లో న్యూయార్క్‌లో మార్షా పి. జాన్సన్, సిల్వియా రివేరా అనే ఇద్దరు, ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్ పిల్లలకు నీడ ఇవ్వడానికి ‘స్టార్’ అనే బృందాన్ని కట్టారు. వాళ్లిద్దరూ కూడా రోడ్డు మీద రాత్రులు గడిపినవాళ్లే. 1992లో అమెరికాలోనే పిట్స్‌బర్గ్‌లో జిమ్ విథర్స్ అనే డాక్టర్, ఒకప్పుడు ఇల్లు లేకుండా బతికిన ఒకతన్ని వెంటబెట్టుకుని రాత్రిపూట వంతెనల కిందికి మందుల సంచితో వెళ్లడం మొదలుపెట్టారు. ఇవాళ స్ట్రీట్ మెడిసిన్ అని పిలుస్తున్న పనికి బలమైన పునాదుల్లో అదొకటి. ఒక డాక్టర్, ఒక నర్సు, నలుగురైదుగురు వలంటీర్లు దొరికితే మీరూ మొదలుపెట్టవచ్చు.

ముందు కొన్ని వారాలు ఊరికే తిరగండి

మందులు, టెంట్, బ్యానర్ ఏవీ వద్దు. నీళ్ల సీసాలు, సాక్సులు పట్టుకుని ఇద్దరిద్దరు చొప్పున వెళ్లండి. ఎవరు ఎక్కడ పడుకుంటారు, పొద్దున ఎటు వెళ్తారు, తిండి ఎక్కడ దొరుకుతుంది, టాయిలెట్‌కి ఎక్కడికి పోతారు, ఏ వీధిలో పోలీసులు లేపేస్తారు, ఇవన్నీ తెలుసుకోండి. మీరు తలచుకున్న వేళకి కాకుండా వాళ్లు నిలకడగా దొరికే వేళకి మీ పని పెట్టుకోవాలి కదా, ఆ వేళ ఏదో ఇప్పుడే తెలుస్తుంది.

ఎల్‌జీబీటీక్యూ మనుషులు, అంటే లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్, క్వీర్ మనుషులు, ఈ గుంపుల్లో కళ్లకు కనబడకపోవచ్చు. చాలామంది కావాలనే దూరంగా, వెలుతురున్న చోట, లేదా రాత్రంతా నడుస్తూ గడుపుతారు. ఎందుకంటే గుంపులో పడుకుంటే దెబ్బలు తినే ప్రమాదం వాళ్లకు ఎక్కువ. యువతలో ఈ సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి ఒక లెక్క: అమెరికాలో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు చేసిన దేశవ్యాప్త సర్వేలో, తోటి యువతతో పోలిస్తే ఎల్‌జీబీటీ యువత ఇల్లు లేని స్థితిలో పడే ముప్పు రెట్టింపు కంటే ఎక్కువని తేలింది. కాబట్టి పెద్ద గుంపు ఉన్నచోటికే వెళ్లి వచ్చేస్తే, మీరు ఎవరికోసం బయల్దేరారో వాళ్లే మిగిలిపోతారు.

వాళ్లను చేరే దారి ఒక్కటే. ఆ జీవితం గడిపిన మనిషి మీ జట్టులో ఉండాలి. ఒక ట్రాన్స్ మహిళ, రోడ్డు మీద కొన్నేళ్లు బతికిన ఒకరు, వీళ్లను సలహాకి పిలిచి పంపేయకండి. జట్టులోకి తీసుకుని జీతం ఇవ్వండి. డాక్టర్ గంట సమయానికి విలువ కడుతున్నప్పుడు వీళ్ల గంటకి ఎందుకు కట్టకూడదు? డబ్బు తక్కువైతే మందుల్లో ఒకటి రెండు రకాలు తగ్గించుకోండి గానీ ఈ జీతం తగ్గించకండి అని నా మాట.

పలకరింపు

పడుకున్న మనిషిని తట్టి లేపకండి. కాళ్ల వైపు, నాలుగడుగుల దూరంలో నిలబడి మామూలు గొంతుతో మీ పేరు, మీ పని చెప్పండి. జవాబు రాకపోతే ఊపిరి తీరు గమనించండి. ఛాతీ సరిగ్గా కదలకపోయినా, పెదాలు నీలంగా ఉన్నా, గురక వింతగా ఉన్నా అది నిద్ర కాకపోవచ్చు. అప్పుడు గట్టిగా పిలిచి, తట్టి చూసి, వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. హెరాయిన్ లాంటి మత్తుమందులు ఎక్కువైనవాళ్ల కోసం నలోక్సోన్ అనే విరుగుడు మందు దొరికేచోట దాన్ని సంచిలో ఉంచుకుని, జట్టులో ప్రతి ఒక్కరూ వాడటం నేర్చుకోండి.

మాట్లాడేటప్పుడు వాళ్ల ఎత్తుకి దిగి కూర్చోండి. వాళ్లు లేచి వెళ్లే దారికి అడ్డంగా మాత్రం కూర్చోవద్దు. “ఇవాళ ఏమైనా నొప్పి ఉందా?” అని అడగండి. “మీరు ఇక్కడికి ఎలా వచ్చారు?” అన్న ప్రశ్న మొదటి రోజు వద్దే వద్దు. ఇంట్లోంచి వెళ్లగొట్టిన కథ చెప్పుకోవడానికి ఎవరూ మీకు బాకీ లేరు. ఏమీ వద్దన్నారా, సరే అని సాక్సులు ఇచ్చి, మళ్లీ ఏ రోజు ఎన్ని గంటలకి వస్తారో చెప్పి వచ్చేయండి.

చెప్పిన రోజు, చెప్పిన గంటకి కచ్చితంగా వెళ్లండి. వాన పడ్డా, మీ డాక్టర్ రాకపోయినా ఒక్కరైనా వెళ్లి “ఇవాళ డాక్టర్ లేరు, వచ్చే వారం వస్తారు” అని చెప్పి రావాలి. వీళ్లకు మాట ఇచ్చి తప్పినవాళ్లు చాలామంది ఉన్నారు.

పేరు అడిగే పద్ధతి

“మిమ్మల్ని ఏమని పిలవమంటారు?” అందరినీ ఇదే ప్రశ్న, ఇదే గొంతుతో అడగండి. రూపాన్ని బట్టి కొందరిని మాత్రమే అడిగితే పదిమందిలో వేలు పెట్టి చూపినట్టే అవుతుంది. చెప్పిన పేరే కేస్ షీట్‌లో పైన రాయండి. ల్యాబ్‌కో ఆసుపత్రికో గుర్తింపు కార్డు మీది పేరు అవసరమైతే, ఎందుకు అవసరమో చెప్పి విడిగా, చిన్నగా రాసుకోండి. గట్టిగా పిలవాల్సి వస్తే టోకెన్ నంబర్‌తో పిలవండి.

‘అన్నా’, ‘అక్కా’ అని చనువుగా పిలిచే అలవాటు మనకు ఉంది. మంచి అలవాటే. కానీ ఎదుటి మనిషిని ఏ వరసతో పిలవాలో మీరే ఊహించుకుంటే నొప్పించే ప్రమాదం ఉంది. పేరుకి ‘గారు’ చేర్చి, ‘మీరు’ అని మాట్లాడండి. చనువు పెరిగాక ఏ వరస కావాలో వాళ్లే చెప్తారు.

ఒంటి గురించి అడిగేటప్పుడు ఆ రోజు సమస్యకి అవసరమైనదే అడగాలి. మోకాలి నొప్పికి వచ్చిన ట్రాన్స్ పురుషుణ్ణి ఆపరేషన్లు ఏమైనా చేయించుకున్నారా అని అడగడం కుతూహలం అవుతుంది, వైద్యం కాదు. అదే పొత్తికడుపు నొప్పి అయితే గర్భాశయం ఉందా, నెలసరి వస్తోందా అన్నది తెలియాలి. అప్పుడు “ఈ నొప్పికి కారణం వెతకడానికి ఇది అడుగుతున్నాను” అని ముందుగా చెప్పి అడగండి.

కాళ్లతో మొదలుపెట్టండి

1985లో బోస్టన్‌లో జిమ్ ఓకానెల్ అనే కుర్ర డాక్టర్ ఇల్లు లేనివాళ్లకు వైద్యం చేద్దామని ఒక షెల్టర్‌కి వెళ్తే, అక్కడి నర్సు బార్బరా మెకిన్నిస్ ఆయన స్టెతస్కోప్ పక్కన పెట్టించి ముందు వచ్చినవాళ్ల కాళ్లు కడగమన్నారు. ఆ పని చేస్తూనే ఆయన ఆ మనుషులతో మాట్లాడటం నేర్చుకున్నారు. మీ జట్టు కూడా అక్కడే మొదలుపెట్టడం మంచిది. రోజంతా నడిచే మనిషికి మొదట పాడయ్యేవి పాదాలే. పైగా రక్తపోటు పట్టీ చుట్టనివ్వనివాళ్లు కూడా కాళ్లు చూపించడానికి ఒప్పుకుంటారు.

ముందు అనుమతి అడగండి. గ్లోవ్స్ వేసుకుని, బూటు వాళ్లనే విప్పమనండి, చేతకాకపోతేనే సాయం చేయండి. సాక్సు పుండుకి అతుక్కుని ఉంటే లాగకండి. ఉప్పునీళ్లు, అంటే సెలైన్, పోసి నానబెట్టి నెమ్మదిగా వదిలించండి. తడి సాక్సుల్లో గంటల తరబడి ఉన్న పాదం తెల్లగా, ముడతలు పడి, మొద్దుబారి కనిపిస్తుంది. దాన్ని రుద్దకూడదు, మంట దగ్గర కాచకూడదు. శుభ్రంగా కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, గాలికి ఆరనిచ్చి, కాసేపు ఎత్తుగా పెట్టించాలి. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మీ మణికట్టుతో చూడండి. షుగర్ వల్ల స్పర్శ పోయిన పాదానికి చుర్రుమన్న సంగతి తెలియదు. అలాంటి పాదానికి పుండు ఉంటే నీళ్లలో నానబెట్టడమూ వద్దు, పై నుంచి కడిగి తుడవండి.

వేళ్ల సందులు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. అక్కడే పగుళ్లు, ఫంగస్, చీము దాక్కుంటాయి. బూటు లోపల కూడా చేయి పెట్టి తడిమితే పొడుచుకొచ్చిన మేకో, చిన్న రాయో, ముడతపడిన అట్టో దొరుకుతుంది. పుండుకి మందు వేసి దాన్ని అలాగే వదిలేస్తే లాభం లేదు. డ్రెస్సింగ్ రోజూ మార్చే వీలుండదు కాబట్టి రెండు మూడు రోజులు ఆగే రకం వాడండి. పొడి సాక్సులు తొడిగి, ఇంకో జత జేబులో పెట్టండి. ఎరుపు పైకి పాకుతున్నా, జ్వరం ఉన్నా, చర్మం నల్లబడ్డా, కుళ్లు వాసన వస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వచ్చే వారం చూద్దామనుకునే పరిస్థితి కాదు.

గజ్జి గురించి ఒక మాట. పర్మెత్రిన్ క్రీమ్ మెడ నుంచి పాదాల దాకా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి, కడుక్కుని, బట్టలన్నీ వేడినీళ్లలో ఉతుక్కోవాలి అని చీటీలో రాస్తాం. స్నానానికి చోటు లేని మనిషి అది ఎలా చేస్తారు? నోటితో వేసుకునే ఐవర్‌మెక్టిన్, బరువుని బట్టి, 7 నుంచి 14 రోజుల తేడాతో రెండు డోసులుగా ఇవ్వడం ఇలాంటివాళ్లకు పనికొస్తుంది. అయితే గర్భవతులకు, 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వరు కాబట్టి డాక్టరే చూసి నిర్ణయించాలి. అదే రోజు మార్చుకోవడానికి శుభ్రమైన బట్టల జత, దుప్పటి ఇవ్వగలిగితేనే ఏ మందైనా పూర్తిగా పనిచేస్తుంది. పక్కపక్కన పడుకునేవాళ్లందరికీ ఒకేసారి చేయాలి.

మందు రోడ్డు మీది బతుక్కి సరిపోవాలి

మంచి డాక్టర్లు కూడా పొరబడేది ఇక్కడే. రక్తపోటుకి మూత్రం ఎక్కువ పోయించే మాత్ర రాస్తారు. టాయిలెట్ లేని చోట ఆ మాత్ర వేసుకున్న ట్రాన్స్ మహిళ రోజుకు ఎన్నిసార్లు, ఏ గుమ్మం ముందు నిలబడాలి? రెండో రోజే మానేస్తారు. దానికి బదులు వేరే రకం మందు ఉందేమో చూడండి. నిద్ర ముంచుకొచ్చే మానసిక వైద్యపు మాత్రలూ అంతే. మత్తుగా పడుకున్న రాత్రి సామాను పోతుంది, ఒంటి మీద దాడి జరగవచ్చు. మాత్రలు వేసుకోవట్లేదని కోప్పడేముందు, వేసుకుంటే రాత్రి ఏమవుతుందో అడగండి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు తిండి వేళలు నమ్మకం ఉండవు, కాబట్టి షుగర్ పడిపోయే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. గ్లూకోజ్ బిళ్లలు ఇచ్చి, చెమటలు, వణుకు, తికమక అనిపిస్తే ఏం చేయాలో వాళ్లకూ, పక్కన పడుకునేవాళ్లకూ చెప్పండి. చాలా రకాల ఇన్సులిన్ వాడకం మొదలుపెట్టాక గది ఉష్ణోగ్రతలో సుమారు 28 రోజులు నిలుస్తుంది. మండుటెండలో సంచిలో మాత్రం నిలవదు. విడిగా ఉన్న కొత్త సీసాలు మీ దగ్గర ఫ్రిజ్‌లో ఉంచి, ఒక్కోటీ ఇస్తూ ఉండండి.

నెలకు సరిపడా మందులు ఒకేసారి చేతిలో పెడితే అవి దొంగతనానికో, సామాను ఎత్తిపారేసే లారీకో బలైపోతాయి. వారానికి సరిపడా ఇవ్వండి. పోయాయని వస్తే నిలదీయకుండా మళ్లీ ఇవ్వండి.

హార్మోన్లు, హెచ్ఐవీ, లైంగిక ఆరోగ్యం

ఒంటి తీరు మార్చుకోవడానికి హార్మోన్లు డాక్టర్ చూడకుండా సొంతంగా వాడుతున్న ట్రాన్స్ మనుషులు మీకు తప్పకుండా ఎదురవుతారు. వెంటనే మానేయమనకండి. మానరు, మిమ్మల్ని మానేస్తారు. ఏ మందు, ఎంత డోసు, సూది ఎవరితోనైనా పంచుకుంటున్నారా అని అడగండి. కొత్త సూదులు, వాడినవి పారేసే డబ్బా ఇవ్వండి. ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) తీసుకునేవాళ్లకు, ముఖ్యంగా పొగ తాగేవాళ్లకు, రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. ఒక్క కాలే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకూడదని ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఆకారం కోసం సిలికాన్ ఎక్కించుకున్నామని ఎవరైనా చెప్తే అక్కడ గట్టిపడిందా, ఎర్రబడిందా చూసి ఆసుపత్రికి తోడు వెళ్లండి. ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం అది.

ట్రాన్స్ పురుషుల్లో ఛాతీని బిగించే బైండర్ వేసుకునేవాళ్లు ఉంటారు. రోజుకు సుమారు ఎనిమిది గంటలకు మించి వద్దని, పడుకునేటప్పుడు తీసేయాలని సలహా ఇస్తాం. నలుగురిలో పడుకునే మనిషికి తీసే ధైర్యం ఎక్కడిది? కాస్త వదులుగా ఉండే స్పోర్ట్స్ టాప్, రెండు పొరల చొక్కా ఇస్తే రాత్రికి పనికొస్తాయి. చర్మం ఒరుసుకున్న చోట చూడండి, పక్కటెముకల నొప్పి గురించి అడగండి. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తీసుకుంటే గర్భం రాదని చాలామంది అనుకుంటారు. రావచ్చు. గర్భాశయ ముఖద్వారం ఉన్న ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ పరీక్ష కూడా అవసరమే.

హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, సి పరీక్షలు గే, ట్రాన్స్ మనుషులకే అని పక్కకి పిలవకండి. వచ్చిన అందరికీ “ఇవాళ రక్తపోటు, షుగర్‌తోపాటు ఇవీ చేస్తున్నాం, చేయించుకుంటారా?” అని ఒకే మాట చెప్పండి. పరీక్షకి ముందే, పాజిటివ్ వస్తే తర్వాత ఏం చేస్తారో మీ దగ్గర ఏర్పాటు ఉండాలి. ఫలితం చెప్పి వదిలేయడం కంటే పరీక్ష చేయకపోవడమే నయం.

చెప్పాల్సిన సంగతులు నాలుగు ఉన్నాయి, అవి బట్టీ పట్టినట్టు కాకుండా మాటల్లో చెప్పండి. కండోమ్ చిరిగినా, బలాత్కారం జరిగినా 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, పెప్ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్ఐవీ సోకకుండా ఆపే అవకాశం చాలా ఎక్కువ. ముందు జాగ్రత్తగా వాడే ప్రెప్ మాత్రలు రోజూ వేసుకోవడం కష్టమైన మనిషికి, రెండు నెలలకోసారి ఇచ్చే కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్, ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకాపవిర్ ఇంజెక్షన్ ఇప్పుడు వచ్చాయి. ఆరు నెలలది 2025లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. సంచి పోయినా రక్షణ పోదు కాబట్టి ఇల్లు లేనివాళ్లకు వీటి విలువ ఎక్కువ. మీ చోట దొరకకపోతే అడగాల్సిన వాటిలో మొదటి వరసలో పెట్టండి. ఇక హెచ్ఐవీ ఉన్నవాళ్లు మందులు వేసుకుంటూ వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకి అందనంత తగ్గితే, సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు. ఈ మాట విన్నప్పుడు చాలామంది ముఖంలో వచ్చే మార్పు చూస్తే దీన్ని ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. నాలుగోది, హెపటైటిస్ సి ఇప్పుడు ఎక్కువమందికి 8 నుంచి 12 వారాల మాత్రలతో నయమైపోతుంది.

మనసు కుంగినప్పుడు

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. చేతికి అందే మాత్రలు, బ్లేడ్లు ఎవరి దగ్గరైనా దాచిపెట్టించి, ఆ మనిషి నమ్మే ఒకరిని పిలిపించి, వైద్యం దాకా తోడు వెళ్లండి.

‘ఇంటికి ఫోన్ చేసి కలిపేద్దాం’ అన్న ఆలోచన మంచి మనసుతోనే వస్తుంది. అయినా వాళ్లు అడగకుండా ఆ పని చేయకండి. ఏ ఇంట్లో దెబ్బలు తిని వచ్చారో ఆ ఇంటికే అడ్రస్ ఇచ్చినట్టవుతుంది. కౌన్సిలర్ దగ్గరికి పంపేముందు ఆ కౌన్సిలర్‌తో మీరే మాట్లాడి చూడండి. ‘మార్చేస్తాను’ అనేవాళ్లయితే అటు పంపొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ట్రాన్స్ మనుషుల సంగతిని 2019లో ఆమోదించిన కొత్త జాబితాలో మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి బయటికి తెచ్చింది. జబ్బే కానిదానికి వైద్యం ఏమిటి?

కాగితాలు, రహస్యం

పేరు, పడుకునే చోటు, హెచ్ఐవీ ఫలితం, లైంగికత, ఈ నాలుగూ ఒకే కాగితం మీద ఎప్పుడూ ఉండకూడదు. ఫలితాల కాగితం మీద నంబర్ మాత్రమే వేసి, ఆ నంబర్ ఎవరిదో చెప్పే పేర్ల జాబితా ఇంకోచోట పెట్టి తాళం వేయండి. వాట్సాప్ గ్రూప్‌లో “వంతెన కింద ఉండే ఆ ట్రాన్స్ పేషెంట్” అని రాయడం కూడా రహస్యం బయటపెట్టడమే. ఫొటోలు అసలు వద్దు, దాతలు అడిగినా వద్దు. సర్దిన మందుల సంచుల ఫొటో పంపండి, చాలు.

అదే సమయంలో వాళ్ల చేతిలో ఒక కాగితం ఉండటం అవసరం. వాడుతున్న మందులు, అలర్జీలు, మీ జట్టు ఫోన్ నంబర్ రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇవ్వండి. అందులో ఏ జబ్బు పేరు రాయాలో, ఏది రాయకూడదో వాళ్లనే అడిగి రాయండి. ఉత్తరాలు రావడానికి మీ సంస్థ చిరునామా వాడుకోమనండి. చాలా దరఖాస్తులు ఆ ఒక్క గడి దగ్గరే ఆగిపోతాయి.

ఆసుపత్రికి తోడు వెళ్లడం

రిఫరల్ చీటీ చేతికిచ్చి పంపేస్తే ఎక్కువమంది వెళ్లరు. తోడు వెళ్లండి. అంతకు ముందే అక్కడ మంచిగా చూసే ఒక డాక్టర్‌నో, ఒక నర్సునో వెతికి పెట్టుకోండి. ఆసుపత్రి మొత్తం మారేదాకా ఆగలేం, ఆ ఒక్క మనిషి డ్యూటీ రోజులు తెలిస్తే చాలా పని జరుగుతుంది. సామాను కాపలాకి మీలో ఒకరు ఉండండి. అడ్మిట్ చేస్తే ఏ వార్డులో ఉండాలనుకుంటున్నారో ముందే అడిగి తెలుసుకుని, వాళ్ల ఇష్టంతోనే వాళ్ల తరఫున మాట్లాడండి.

డిశ్చార్జ్ రోజు అన్నిటికంటే కష్టమైనది. ఆపరేషన్ కుట్లతో మనిషిని ఫుట్‌పాత్ మీదికి పంపేస్తారు. ‘రెండు వారాలు విశ్రాంతి’ అని చీటీలో ఉంటుంది. విశ్రాంతి ఎక్కడ తీసుకోవాలి? ఇందుకోసమే కొన్ని నగరాల్లో, ఆసుపత్రిలో ఉంచేంత జబ్బు లేకపోయినా రోడ్డు మీదికి పంపలేని మనుషుల కోసం కోలుకునే కేంద్రాలు నడుపుతున్నారు. బోస్టన్‌లోని అలాంటి కేంద్రానికి, పైన చెప్పిన నర్సు బార్బరా మెకిన్నిస్ పేరే పెట్టారు. మీరు రెండు మంచాలతో మొదలుపెట్టినా మేలే. షెల్టర్‌కి పంపాల్సి వస్తే ముందు మీరు వెళ్లి చూడండి. మగ, ఆడ అని రెండే గదులుంటే ట్రాన్స్ మనిషిని ఎక్కడ ఉంచుతారు, స్నానాల గదికి గడియ ఉందా, గొడవైతే ఎవరిని బయటికి పంపుతారు, ఈ మూడూ అడగండి. మూడో ప్రశ్నకి వచ్చే జవాబులో ఆ షెల్టర్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

చూసింది చూసినట్టు అధికారులకు చెప్పండి

డ్రెస్సింగ్ ఎంత బాగా చేసినా, నీళ్లూ టాయిలెట్లూ లేని చోట అదే పుండు మళ్లీ వస్తుంది. అందుకే మీ కేస్ షీట్ల నుంచి పేర్లు తీసేసి లెక్కలు రాయడం అలవాటు చేసుకోండి. ఈ నెల ఎంతమందికి మందులు పోయాయి, ఎందుకు పోయాయి, ఎంతమందిని కౌంటర్ దగ్గరే తిప్పి పంపారు, కార్డు లేదనా, చిరునామా లేదనా, మాటలతో అవమానించా. తేదీ, వేళ, జరిగింది అప్పటికప్పుడు రాసిపెట్టుకున్న కాగితానికి బలం ఎక్కువ.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెలియాలంటే అమెరికాలోని శాన్ డియేగో నగరాన్ని చూడండి. అక్కడ 2016 చివర మొదలైన హెపటైటిస్ ఎ, అంటే చేతుల శుభ్రత లేనిచోట అంటుకునే కాలేయ జబ్బు, ఎక్కువగా ఇల్లు లేనివాళ్లలో పాకింది. 600 మందికి దగ్గరగా జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. 2017 సెప్టెంబర్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించాక గానీ వీధుల్లో చేతులు కడుక్కునే కుళాయిలు వేగంగా పెట్టలేదు, నర్సులు టీకాలతో కాలినడకన బయల్దేరలేదు. కుళాయి కోసం అర్జీ పెట్టేటప్పుడు ఈ ఉదాహరణ పక్కన పెట్టండి. దయ చూపమని అడగడం కంటే, ఆలస్యం చేస్తే ఏమవుతుందో చూపించడం ఆఫీసుల్లో ఎక్కువ పనిచేస్తుంది.

ఒక్కో అర్జీలో ఒక్కటే అడగండి. ఆసుపత్రిని ‘అందరినీ గౌరవించండి’ అని అడిగితే సరేనంటారు, ఏమీ మారదు. ‘నమోదు ఫారంలో పిలిచే పేరు అని ఒక గడి చేర్చండి’ అంటే, చేశారో లేదో నెల తర్వాత వెళ్లి చూడవచ్చు. పోలీసుల్ని, మునిసిపల్ అధికారుల్ని కలిసినప్పుడు, ఖాళీ చేయించేముందు నోటీసు ఇవ్వమనీ, ఎత్తిన సామానులో మందులు, కాగితాలు పారేయకుండా భద్రపరచమనీ అడగండి. ఇళ్ల శాఖ దగ్గరికి వెళ్తే, ముందు తాగుడు మానాలి, ముందు మందులు వాడాలి అన్న షరతులు లేకుండా ముందు ఇల్లు ఇమ్మని అడగండి. న్యూయార్క్‌లో 1992లో శామ్ సెంబెరిస్ ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్నే దేశ విధానంగా తీసుకుని, ఏళ్ల తరబడి రోడ్డు మీద ఉన్నవాళ్ల సంఖ్యను బాగా తగ్గించింది.

అధికారి ముందు మీరే మాట్లాడేయకండి. ఎవరి సమస్యో వాళ్లు రావడానికి ఇష్టపడితే వెంట తీసుకెళ్లండి, ముందురోజు కూర్చుని ఏం చెప్పాలో, ఏ ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదో మాట్లాడుకోండి. దారి ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వండి. ముఖం చూపించడం ప్రమాదమనుకుంటే వాళ్ల మాటల్ని పేరు లేకుండా చదివి వినిపించవచ్చు. విలేకరులు వస్తామంటే ముందుగా రోడ్డు మీద ఉండేవాళ్ల ఒప్పుకోలు ఒక్కొక్కరి దగ్గరా విడివిడిగా తీసుకోండి. పదిమందిలో అడిగితే కాదనలేక తలూపేస్తారు.

ఆఫీసు నుంచి జవాబు వచ్చినా రాకపోయినా, మళ్లీ మీరు వెళ్లే రోజున ఆ కబురు వాళ్లకు చెప్పండి. అర్జీ కాపీ చేతికివ్వండి, చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. కుదరదన్నారంటే ఏ కారణం చెప్పారో కూడా చెప్పి, తర్వాతి అర్జీలో ఏం అడగాలో వాళ్ల నోటి నుంచే రాసుకోండి.